చేపలమ్ముకునేది

తక్ ఒక్‌బున్ హేపో రేవు చేపల బజారులో కూర్చోబట్టి ముప్పై ఏళ్లు దాటింది. అంతకుముందు బుట్ట నెత్తిన పెట్టుకుని కొండమీది ఊళ్లన్నీ తిరిగేది. మొగుడు పడవలో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాక ఆ బుట్టలోని కానాగంత చేపల మీదే ఇల్లు గడిచింది. కూతురు నర్సు చదువు చదివి సియోల్లో ఉద్యోగంలో చేరింది. సాయంత్రం కొట్టు కట్టేసి, నీచు వాసన పోవాలని బియ్యం కడిగిన నీళ్లతో మోచేతుల దాకా రుద్దుకుని మరీ బస్సెక్కేది ఒక్‌బున్. అయినా సీట్లో కూర్చునేది కాదు. పక్కవాళ్లు ఏమీ అనరు, కిటికీ తీస్తారు. అంతకంటే వెనక నిలబడటమే నయమనిపించేది.

ఆ ఏడు జిల్లా అధ్యక్ష పదవికి ఇద్దరు గట్టిగా తలపడ్డారు. ఒకడు అప్పటికే ఆ కుర్చీలో ఉన్న క్వాక్ పిల్‌గ్యు. రెండో మనిషి కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చిన నమ్ హ్యోన్‌జూ. ఆ జిల్లాలో ఒక ఆడమనిషి ఆ పదవికి నిలబడటం అదే మొదలు. ప్రచారం మొదట్లోనే ఆమె బజారుకు వచ్చి, తడి గ్లౌజు తీయబోతున్న ఒక్‌బున్ చేతిని గ్లౌజుతో సహా పట్టుకుని, నడుం వంచి దండం పెట్టింది.

ఒక్‌బున్ ఆ రోజంతా అదే చెప్పుకుంది. పక్క కొట్టులో సముద్రపు నాచు అమ్మే మల్‌జాను వదల్లేదు.

"ఏమే, ఈసారి నీ ఓటు ఆవిడకే."

"నీకేమైనా చుట్టమా అక్కా? చెయ్యి పట్టుకుంటే కరిగిపోయావు."

"పట్టుకున్నవాళ్లు ఇంకెవరున్నారు చెప్పు?"

మల్‌జా నవ్వుతూ నాచు కట్టలు సర్దుకుంది.

ఎండలు ముదిరేకొద్దీ ప్రచారం కూడా ముదిరింది. పాత పాటలకు కొత్త మాటలు కట్టి మైకుల బళ్లు ఊరంతా మోత మోగించాయి. పిల్‌గ్యు పాత కాంట్రాక్టుల సంగతి హ్యోన్‌జూ గట్టిగా అడగడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం అతను బస్టాండు కూడలిలో బండి ఎక్కి మైకు అందుకున్నాడు.

"ఆ నోరు చూశారా? అది ప్రొఫెసరు నోరా? బజార్లో చేపలమ్ముకునేదాని నోరు! తెరిస్తే చాలు, కంపు! ఇంట్లో మొగుడెట్లా భరిస్తున్నాడో!"

జనం విరగబడి నవ్వారు. ఐసు పెట్టె తోసుకుంటూ ఒక్‌బున్ అప్పుడే ఆ కూడలి దాటుతోంది. నవ్వుతున్నవాళ్లలో పొద్దునే తన దగ్గర చేపలు కొన్న మనిషి ఉన్నాడు. ఆమెను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

బజారులో ఆ సాయంత్రం అందరూ ఉడికిపోయారు. ఒక్‌బున్ మాత్రం ఊరట దొరికినట్టే మాట్లాడింది. "రేపు ఆవిడ అదే కూడలిలో మాట్లాడుతుందిగా. ఉతికి ఆరేస్తుంది చూడండి."

మర్నాడు కొట్టు మల్‌జాకు అప్పగించి, శుభ్రమైన జాకెట్ వేసుకుని వెళ్లి ముందు వరసలో నిలబడింది. హ్యోన్‌జూ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. మైకు అందుకుంది.

"మా నాన్న హెడ్మాస్టరు. మా అమ్మ పిల్లలకు సంగీతం నేర్పిన మనిషి. అలాంటి ఇంట్లో పుట్టి, కాలేజీలో చదువు చెప్పిన నన్ను పట్టుకుని, ఈ పందుల కొట్టంలో పుట్టిన వెధవ, చేపలమ్ముకునేదానితో పోలుస్తాడా? ఒక ఆడదానికి ఇంతకంటే అవమానం ఉంటుందా?"

చప్పట్లు మిన్నంటాయి. ఒక్‌బున్ చేతులు కూడా వాటంతట అవే లేచాయి. రెండు మూడు సార్లు కొట్టాక ఆ మాట చెవిలోంచి లోపలికి దిగింది. చేతులు కిందికి జారాయి. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. "కొట్టవేంటి పిన్నీ? మన ఆడవాళ్ల పరువు కోసం మాట్లాడుతోంది!"

ఒక్‌బున్ తిరిగొచ్చి ఏప్రాను కట్టుకుంది.

"ఉతికిందా?" అంది మల్‌జా.

"ఉతికింది. మనల్నే."

రెండు రోజులకు ఈ సంగతి ఎవరో ఎత్తి చూపినట్టున్నారు, హ్యోన్‌జూ కెమెరాలు వెంటబెట్టుకుని బజారుకు వచ్చింది. నేరుగా ఒక్‌బున్ దగ్గరికే వచ్చి భుజాల చుట్టూ చేతులు వేసింది.

"అమ్మా, ఆ మనిషి మిమ్మల్నందర్నీ అవమానించాడు. నా గుండె తరుక్కుపోయింది."

"మేడమ్, ఒక మాటడుగుతాను," అంది ఒక్‌బున్. "చేపలమ్ముకునేది అనడం తిట్టేనా?"

"ఆయన తిట్టుగానే అన్నాడమ్మా."

"ఆయన సంగతి నాకు తెలుసు. మీరేమనుకున్నారు?"

హ్యోన్‌జూ నోరు తెరిచింది. ఆమె మనిషి ఒకడు మధ్యలోకి వచ్చి, "అమ్మగారూ, ఇటు చూసి కాస్త నవ్వండి," అన్నాడు. ఫోటో దిగాక ఆమె నాలుగు కానాగంతలు కొంది. సంచి ఆ మనిషే దూరంగా పట్టుకుని నడిచాడు. బజారు గుమ్మం దగ్గర కారెక్కుతూ హ్యోన్‌జూ తడి కాగితం తీసి ఒక్కొక్క వేలూ తుడుచుకోవడం ఒక్‌బున్‌కు స్పష్టంగా కనిపించింది.

పోలింగు రోజు మొగుడి పోరు పడలేక వెళ్లింది. ముద్ర చేతిలోకి తీసుకుని, రెండు పేర్ల మధ్య గీత మీద గట్టిగా వేసి వచ్చింది. పిల్‌గ్యు గెలిచాడు.

చలికాలం ముందు బజారుకు కొత్త రేకుల కప్పు వేశారు. ప్రారంభానికి పిల్‌గ్యు వచ్చాడు. పక్క కుర్చీలో హ్యోన్‌జూ. జిల్లా సాంస్కృతిక సంస్థకు ఆమెను అధ్యక్షురాల్ని చేసింది అతనే. మైకు ముందు ఆమె నవ్వుతూ, "ఎన్నికల్లో అనుకున్నవి మనసులో పెట్టుకుంటామా?" అంది. "మీ నోటికి భయపడే పదవి ఇచ్చాను," అన్నాడతను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. వర్తకులకు బియ్యప్పిండి కేకులు పంచారు.

వాళ్లు మనసులో పెట్టుకోలేదు. ఊరు పెట్టుకుంది. బేరం తెగకపోతే చేపలమ్ముకునేదన్న ఆ మాట, బడిలో ఆడపిల్లలు కొట్టుకుంటే ఆ మాట, తాగుబోతు పెళ్లాం మీద అరిస్తే ఆ మాట. మునుపూ ఉన్నదే, అయితే గొంతు తగ్గించి అనేవారు. ఇప్పుడు మైకులో విన్న మాట కదా.

ఒక మధ్యాహ్నం చేప మెత్తబడిందని ఒకావిడ గొడవ పెట్టుకుంది. ఒక్‌బున్ మొప్ప ఎత్తి ఎర్రగా ఉండటం చూపించింది. "చేపలమ్ముకునేదానితో నాకేంటి," అని ఆవిడ ముఖం తిప్పుకుని పోయింది.

మల్‌జా గయ్యిమంది. "ఒక్క మాట అనవేం అక్కా? నీ గొంతు ఏమైంది? ఇదివరకు నువ్వు కేకేస్తే రేవు దాకా వినపడేది!"

"నోరు తెరవాలంటే ఒళ్లు చచ్చిపోతోందే. తెరిస్తే, అదిగో ఆ నోరే అంటారు," అంది ఒక్‌బున్. చేపను తిరిగి ఐసు మీద పెట్టి, తడిగుడ్డ కప్పింది.