మిట్టేమరిలో నవ్వే తీరు

కర్ణాటక సరిహద్దులోని తెలుగూరు మిట్టేమరిలో బస్సు దిగి వరమహాలక్ష్మి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. వరమ్మ అంగడి అనాలి. బెల్లం, చెనిక్కాయలు, సబ్బులు, పిల్లల పెన్సిళ్ళు అన్నీ దొరికే చిన్న శెట్టి అంగడి అది. ముందర బండలు పరిచిన అరుగు. ఆ అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని నవ్వుతానే ఉంటారు. ఉప్పు ప్యాకెట్టు కోసం వచ్చినవాళ్ళను కూడా నవ్వించకుండా పంపే రకం కాదు వరమ్మ.

నవ్వించి తానూ నవ్వుతుంది. అయితే నవ్వుకంటే ముందు చీరకొంగు వచ్చి నోటికి అడ్డం పడుతుంది. కొత్తవాళ్ళు చూసి ఎంత అణకువో అనుకుంటారు. అణకువా లేదు, పాడూ లేదు. పంచాయతి మెంబర్లను నడివీధిలో నిలబెట్టి కడిగేసే మనిషి ఆమె. కొంగు వెనక దాచుకునేది పళ్ళను. అడ్డంగా గోధుమరంగు చారలు, కొసల్లో పెచ్చులు లేచిన పళ్ళు.

తోముకోక వచ్చిన గార కాదది. చెరువులూ బావులూ ఎండిపోతే బోర్లు వేసినారు. ఒక బోరు ఎండితే దానికంటే లోతుగా ఇంకొకటి వేసినారు. అట్టడుగు బండల్లో ఉండే ఫ్లోరైడు ఆ నీళ్ళతో పైకొచ్చి, పసిబిడ్డల గొంతులో పడి, చిగుళ్ళ కింద ఇంకా పుట్టని పళ్ళను ముందే చెరిచేసింది. నీళ్ళిస్తామని ఓట్లడిగినవాళ్ళు గెలిచినారు, మళ్ళీ అదే మాట చెప్పి మళ్ళీ గెలిచినారు. పళ్ళు మాత్రం వాళ్ళవి పోలేదు. ఊళ్ళో మగవాళ్ళు మీసాలు కిందికి పెంచుకున్నారు. ఆడవాళ్ళు కొంగు లాక్కున్నారు. బాగేపల్లిలో స్టూడియో ఆయనకు కూడా తెలుసు. మిట్టేమరి పెండ్లిళ్ళలో ఆయన "నవ్వండి" అనడు, "ఇట్ల చూడండమ్మా" అంటాడు.

ఒక వింత ఏమంటే, ఈ ఊళ్ళో పళ్ళు బాగుండే ఆడవాళ్ళు కూడా నోరు కప్పుకునే నవ్వుతారు. వరమ్మ కోడలు సుప్రీత చింతామణిలో పెరిగిన పిల్ల, ముత్యాల్లాంటి పలువరస. కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకే ఆ పిల్ల చెయ్యి కూడా నోటి మీదికి పోవడం మొదలుపెట్టింది.

"నీకేం కర్మమే? సుబ్బరంగా నవ్వు" అని కసిరేది వరమ్మ.

"అలవాటైపాయ అత్తా" అనేది సుప్రీత. చూసి నేర్చుకున్నదిలే అనుకుని వరమ్మ ఆ మాట అక్కడితో వదిలేసేది.

ఇట్లాంటి ఊరికి కొన్నేండ్ల కింద ఇద్దరు సైంటిస్టులు వచ్చినారు. ఒకాయన మురళీధర, పక్క తాలూకు సోమేనహళ్ళివాడు. వాళ్ళ నాయన గుడిలో పూజారి. ఈయన బెంగళూరులో నీళ్ళ మీద పరిశోధన చేస్తాడు. రెండో ఆమె డెన్మార్క్ నుంచి వచ్చిన కిర్‌స్టెన్. ఆమె చదువంతా రాళ్ళ మీద; మనుషుల పళ్ళు చూసి రాసుకునే పని మురళీధరది. ఏ బండలోంచి ఈ ఫ్లోరైడు దిగుతుంది, యాడ నీళ్ళు ఇంకిస్తే తగ్గుతుంది అని కనుక్కునేకి రెండు దేశాల సర్కార్లు కలిసి పంపినాయి. ఊరు ఆమె పేరును కీర్తమ్మ చేసుకుంది. ప్రతి బోరు దగ్గరా సీసాలు నింపుకుని, ఎండకు ఎర్రగా కాలిపోయి, మధ్యాన్నానికి వరమ్మ అరుగు మీద వచ్చి కూలబడేవాళ్ళు. వరమ్మ మజ్జిగిచ్చేది.

మొదటి ఏడే జరిగిందిది. వరమ్మ ఏదో అన్నది, అరుగంతా గొల్లుమన్నది. అందరితో పాటు కీర్తమ్మ కూడా నవ్వింది, మెడలో తువ్వాలుతో నోరు కప్పుకుని.

వరమ్మకు ఒళ్ళు మండింది. తెల్లటి పళ్ళు పెట్టుకుని తనను వెక్కిరిస్తాండాది అనుకుంది. రెండుమూడు దినాలు మజ్జిగ గ్లాసు ఆమె ముందర టక్కున పెట్టి ముఖం తిప్పుకునింది. కీర్తమ్మ మాత్రం ప్రతిసారీ అంతే భక్తిగా కప్పుకునేది. కడాకు ఆమే తన ముక్కల తెలుగులో చెప్పింది.

"ఇక్కడ అందరూ నోరు మూసి నవ్వుతారు. మంచి మర్యాద. నేను నేర్చుకున్నా."

పళ్ళు బాగుండేవాళ్ళూ కప్పుకుంటాండారు కాబట్టి ఆమె అట్ల అనుకోవడంలో తప్పేమీ లేదు. వరమ్మ నోరు తెరిచింది, చెప్పబోయి ఆగిపోయింది. ఆ రాత్రి కోడలితో అనింది: "పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి దీన్ని సిగ్గనే చూసినారమ్మా అందరూ. లోకంలో ఒకతె మర్యాదనుకుంటాండాది. అనుకోనీ. నాకేం పోయింది?"

అప్పట్నుంచి మజ్జిగలో రెండు కరివేపాకు రెబ్బలు ఎక్కువే పడినాయి కీర్తమ్మకు.

ఏండ్లు గడిచినాయి. వాళ్ళిద్దరూ కనిపెట్టిన దాన్ని బట్టి ఊరి పాతబావుల్లోకి వాననీళ్ళు ఇంకించినారు. ఆ బావుల చుట్టుపక్కల నీళ్ళు చాలామటుకు మారినాయి. ఒకటో తరగతి పిల్లల్లో తెల్లటి పళ్ళు కనబడుతున్నాయి. ఊరంతా బాగుపడిందని రాస్తే అబద్ధం. మిట్ట మీద ఉండే వీధికి ఇంకా పాత బోరు నీళ్ళే. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం మూడు దినాలు పనిచేస్తే నాలుగు దినాలు పడకేస్తుంది. అయినా జరిగింది చిన్నపని కాదు.

ఆ పనికి రెండు దేశాలూ కలిసి ఇచ్చే ప్రశస్తి వచ్చింది పోయిన ఏడు. మా పక్క అవార్డును ప్రశస్తి అనే అంటారు, కన్నడం మాట. మురళీధర కారు దిగీ దిగకనే అరిచినాడు.

"అమ్మా, మనకు ప్రశస్తి! బెంగళూరులో సమారంభం, పెద్ద సభ. నువ్వు రావల్ల. ఊరి తరఫున స్టేజి మీద నీకు సన్మానం."

"నాకేం సన్మానమప్పా, మజ్జిగ పోసినందుకా?" అని వరమ్మ కొంగు చాటున మురిసిపోయింది.

ఆయన సంబరం ఆపుకోలేక ఫోను తీసి, అక్కడ పరదా మీద వేయబోయే సినిమా చూపించినాడు. కొండలు, బోర్లు, సీసాలు. తర్వాత ఫోను నిండా ఒక నోరు. రెండు వేళ్ళతో పెదాలు పక్కకు లాగిపట్టుకున్న నోరు. చారల పళ్ళు. దాని కింద గడ్డం, గడ్డం మీద పచ్చబొట్టు చుక్క.

ఆ నోరు వరమ్మది. ఎప్పుడో "పరిశోధనకు కావల్లమ్మా, ఒకసారి చూపించు" అని ఆయనే తీసిన ఫోటో. మన పిల్లోడు గదా అని చూపించింది. యాడో ఆఫీసులో బీరువాలో ఉంటుందనుకుంది.

వరమ్మ ఫోను వెనక్కిచ్చేసింది. "అంగడి ఎవరు చూసుకుంటారప్పా, నాకు కుదరదు" అని లోపలికి పోయి, అవసరం లేకపోయినా చెనిక్కాయలు చెరగడం మొదలుపెట్టింది.

మురళీధర పోయినాక సుప్రీత పక్కన కూర్చుంది. "ఆ ఫోటో తీసేయమని చెప్పొచ్చు గదా అత్తా?"

"ఎట్ల చెప్పేది? ఎండల్లో మాడిపోయినారు మనకోసం. నీ కడుపున పుట్టే బిడ్డ తెల్లగా నవ్వుతుందంటే వాళ్ళ చలవ. ఒక్క ఫోటోకు అడ్డం పడితే బాగుంటుందా?"

"అయితే రా, పోదాం."

"పెద్ద పెద్దోళ్ళందరి ముందర గోడంత నోరు తెరిచి పెడతారంట, నేను కింద కూర్చుని చూడల్లనా?" చేటలో చెనిక్కాయలు కొన్ని కింద పడినాయి. "ఇంకోటుండాది. కీర్తమ్మ పక్కనే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎందుకు కప్పుకుంటినో తెలిసిపోతుంది."

ఎవరికో మేలు చేసినాము కాబట్టి వాళ్ళ దేహం మనకు రుజువుగా పనికొస్తుందని అనుకోవడం మంచివాళ్ళు కూడా చేసే పని. మేలు పొందినవాళ్ళు కాదనలేరు. కాదనలేకపోవడాన్ని ఒప్పుకోలు అనుకుంటాం. మురళీధర చెడ్డవాడు కాదు. ఆయనకు తట్టలేదు, అంతే.

సమారంభానికి ముందురోజు ఇద్దరూ కలిసి వచ్చినారు, ఎట్లయినా పిలుచుకుపోవల్లని. అరుగు మీద కూర్చుని మురళీధర బతిమాలినాడు.

"ఆ ఫోటో గురించా అమ్మా? నీ ముఖం కనపడదు. నోరు, గడ్డం, అంతే."

"ఈ పచ్చబొట్టు యాడ దాచుకునేది?"

"అంత స్పష్టంగా వచ్చిన ఫోటో ఇంకోటి లేదమ్మా. అది చూస్తేనే గదా జనానికి..."

వరమ్మ మెల్లిగా, బిడ్డను అడిగినట్టే అడిగింది. "నీ పళ్ళేమైనాయి స్వామీ? సోమేనహళ్ళిలో ఉన్నప్పుడు నీవీ ఇట్లే ఉండెనని నువ్వే చెప్తివి ఈ అరుగు మీద."

మురళీధర చెయ్యి తనకు తెలియకుండానే మూతి మీదికి పోయింది. ఉద్యోగం ఇంటర్వ్యూకు ముందు పళ్ళకు తెల్లటి తొడుగులు వేయించుకున్నాడాయన. ఈ పరిశోధనలోకి వచ్చిందే ఆ పళ్ళ వల్ల.

"తొడుగులు ఏసుకునేకి నీకు బెంగళూరు ఉండె. నాకు ఈ కొంగు ఉండాది. దీన్ని కూడా లాగేస్తావా నాయనా?"

ఆయన తల వంచుకున్నాడు. "లేదమ్మా" అన్నాడు. "మరిచిపోయినా. నా పళ్ళే మరిచిపోయినా." ఫోను తీసి ఎవరికో చెప్పినాడు, కన్నడంలో, ఆ ఫోటో తీసేయమని.

కీర్తమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఆమె వరమ్మ వైపే చూస్తోంది. ఇంక దాచి లాభం లేదు. వరమ్మ కొంగు దించి కూర్చుంది.

"ఇదో చూడు కీర్తమ్మా. నేను కప్పుకునేది మర్యాదకు కాదు, సిగ్గుకు. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. నువ్వొక్కదానివే దాన్ని మర్యాదనుకుంటివి, చెడగొట్టబుద్ధి కాలేదు తల్లీ."

కీర్తమ్మ ఆ పళ్ళ వైపు చూడలేదు. కండ్ల వైపే చూసింది. తర్వాత గడపలో నిలబడిన సుప్రీతను చూపించింది. "ఆమె పళ్ళు బాగున్నాయి. ఆమె ఎందుకు మూస్తుంది?"

"అది అలవాటు" అంది వరమ్మ.

"అలవాటు కాదత్తా." సుప్రీత గడప దిగలేదు. "నువ్వు కప్పుకుని నవ్వుతాంటే నీ ఎదురుగా నేనెట్ల నోరంతా తెరుచుకునేది? ఈ ఊళ్ళో పళ్ళు బాగుండే ఆడోళ్ళంతా అంతే. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు."

వరమ్మ కోడల్ని కొత్తగా చూసినట్టు చూసింది.

"అయితే" అంది కీర్తమ్మ, మాటల కోసం వెతుక్కుంటూ, "మర్యాదే."

సుప్రీత ఫోనులో ఒక ఫోటో ఉంది. అరుగు నిండా ఆడవాళ్ళు, అందరూ నోళ్ళు కప్పుకుని నవ్వుతున్నారు, వాళ్ళ మధ్య కీర్తమ్మ తువ్వాలుతో. ఆ నోరు ఉండాల్సిన చోట దీన్ని పెడితే వస్తానన్నది వరమ్మ. "ఎందుకు కప్పుకున్నారో నువ్వే చెప్పప్పా నోటితో" అని మురళీధరకు పని పెట్టింది.

మరునాడు బెంగళూరు హాలులో ఆ ఫోటో పరదా నిండా పడింది. మురళీధర మైకు ముందు నిలబడి చెప్పినాడు. ఆ నీళ్ళ గురించి, ఆ నవ్వు గురించి, తన తొడుగుల గురించి కూడా. తర్వాత రెండు దేశాల జెండాలున్న స్టేజి మీదికి వరమ్మను పిలిచినారు. పెద్ద అధికారి ఒకాయన శాలువా కప్పినాడు. అది కొలతకు మించి పెద్దది, జారి ఆమె తల మీదుగా ముఖం మీదికి వచ్చింది. లోపల్నుంచే వరమ్మ గొంతు మైకులో పడింది.

"ఏమప్పా, నీళ్ళిడుస్తారని వస్తే శాలువా కప్పి పంపుతాండారే! మా మిట్ట వీధికి ఇది పిండితే చాలునా?"

తెలుగు తెలిసినవాళ్ళు ముందు నవ్వినారు, తెలియనివాళ్ళు పక్కవాళ్ళను అడిగి తర్వాత నవ్వినారు. అధికారి నవ్వలేదు, ఫైలు వైపు చూసుకున్నాడు. హాలంతా పళ్ళే కనబడినాయి.

వరమ్మ శాలువా అంచును నోటికి లాక్కుంది. పక్కకు చూసింది. పతకం మెడలో వేసుకున్న కీర్తమ్మ, రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు కదిలిపోయేట్టు నవ్వుతోంది.

"ఇంకా ఎందుకే తల్లీ?" వరమ్మ గుసగుసగా అడిగింది. "తెలిసిపాయ గదా నీకు."

"తెలిసింది" అంది కీర్తమ్మ, చేతులు తీయకుండానే. "అందుకే."