గొంతు మాయమయ్యే చోటు

మానవపాడులో సాంసన్‌ది మైక్ సెట్ దుకాణం. పెళ్లి ఊరేగింపైనా, ఓట్ల ప్రచారమైనా ఆయన పెట్టెలే మోగాలి. ఆ మోతకు చెవులు పోయాయని ఊళ్లో కొందరంటారు. ఉత్తమాట. పని చెప్పేవాళ్లు పిలిచినప్పుడే ఆయనకు వినపడదు. పాటలో ఎక్కడ చిన్న చప్పుడు తేడా వచ్చినా ఇట్టే పట్టేస్తాడు.

వయసులో ఉన్నప్పుడు బొంబాయికి కూలికి పోయాడు. అక్కడ ఒక పాత బంగళాను కూలగొడుతుంటే రికార్డుల పెట్టె దొరికింది. మేస్త్రీ పారెయ్యమన్నాడు. సాంసన్ గోనెసంచిలో చుట్టుకొని ఊరికి తెచ్చుకున్నాడు. పెట్టి వింటే అన్నీ ఇంగ్లీషు పాటలు. ఆ ఇంగ్లీషులో సీయోను, బబులోను అన్న బైబిలు మాటలు మాత్రం ఆయనకు తెలిసినవే. ఇంకేముంది, దేవుడి పాటలనుకొని క్రిస్మస్ నాడు చర్చి మైకులో వేసేశాడు. పాస్టరు ఇస్రాయేలు కళ్లు మూసుకొని తల కూడా ఊపాడు. అట్ట మీద జడలు కట్టిన జుట్టుతో గుప్పున పొగ వదులుతున్న మనిషి బొమ్మను ఆయన చూడలేదు. సాంసన్ ముందే దాని మీద క్యాలెండర్ కాగితం అంటించాడు.

అవి జమైకా పాటలని, రెగే అంటారని చాలా ఏండ్ల తర్వాత కూతురు గీత ఫోన్‌లో చూసి చెప్పింది. అప్పటికే ఆయనకు పిచ్చి ముదిరింది. హైదరాబాద్ పోయిన ప్రతిసారీ ఫుట్‌పాత్ మీద పాత రికార్డుల కుప్పలు కెలికి, ఆ జుట్టు మనుషుల బొమ్మ కనపడితే చాలు, ఎత్తుకొచ్చేవాడు.

అన్నిట్లోకీ ఆయన ప్రాణం మాత్రం బొంబాయి పెట్టెలోని ఒక ప్లేటు మీదే. దాని వెనకవైపు ‘డబ్’ అని ఉంది. డబ్బింగ్ సినిమాలాగా ఏ భాషలోంచో తెచ్చారనుకున్నాడు. మొదటిసారి వేసినప్పుడు, పాడేవాడు సగం మాటలో మాయమయ్యాడు. డ్రమ్మూ బేసూ మిగిలాయి. లూజ్ కాంటాక్ట్ అనుకొని సాంసన్ ఆంప్లిఫయర్ విప్పి, కనపడిన ప్రతి వైరునూ మళ్లీ అతికించాడు. మళ్లీ వేస్తే గొంతు మళ్లీ అక్కడే మాయం. పాటలోంచి గొంతును కావాలనే తీసేసి వాయిద్యాలు వదలడాన్నే డబ్ అంటారని ఆయనకప్పుడు తెలియదు.

“ఆడు పాడకుంటే నేను పాడ్త తియ్యి,” అంది భార్య లలితమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

నవ్వులాటకే అంది. ఆ డ్రమ్ము మీద చేలో కలుపు తీసేటప్పుడు పాడే పాట ఎత్తుకుంది.

*మబ్బొచ్చెనమ్మా మానోపాడు మీద*
*గొడుగు మర్సిపోయె మా ఇంటాయన*
*తడిసొచ్చెనమ్మా తలుపు తియ్యరాదె*

ఆమె పాట ముగియడమూ, వాడి గొంతు తిరిగి రావడమూ ఒక్కసారే జరిగాయి. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ ప్లేటు వెయ్యడం, ఆమె ఆ ఖాళీలో పాడడం ఇంటి అలవాటైంది. ఆమె ఎన్నడూ తప్పలేదు. పెళ్లైన ఇన్నేండ్లకు సాంసన్‌కు భార్య అంటే గర్వం పుట్టింది, అది ఆ ప్లేటు పుణ్యమే.

పోయిన ఎండాకాలం రేకుల షెడ్డులో ఆ ప్లేటు అప్పడంలా వంగిపోయింది. వనపర్తిలో నర్సుగా చేసే గీత వెతికి వెతికి అదే పాటకు కొత్తగా అచ్చేసిన ప్లేటు తెప్పించింది. మందంగా, బరువుగా ఉంది. అట్ట మీది బొమ్మ మాత్రం జిరాక్సుకు జిరాక్సు తీసినట్టుంది. ముల్లు పెడితే చిటపటమని ఒకటే చప్పుడు. సాంసన్ లుంగీ కొసతో తుడిచాడు, తడిగుడ్డతో తుడిచాడు. చప్పుడు పోలేదు.

“అసలు టేపు పోయిందంట నాయినా,” అంది గీత ఫోన్‌లో. “ఎవరిదో అరిగిన పాత ప్లేటు తిప్పి, దాంట్లకెల్లి దీన్ని తీసిండ్రంట.”

“అంటే ఎవరింట్ల దుమ్మో మనింటికి పంపిండ్రు!”

సరే, దుమ్మును సహించవచ్చు. కానీ వెనకవైపు వేసినప్పుడు, లలితమ్మ పాట పూర్తికాకముందే ఆ గొంతు వచ్చి ఆమె మీద పడింది. ఆమె ఆగిపోయింది.

“ఏందయ్యా, ఆడు తొందరపడ్డడా, నేను మర్సిపోయిన్నా?”

“నువ్వు మర్సుడేంది? ప్లేటే ఖరాబు. నడుమ కోసిండ్రు.”

గట్టిగానే అన్నాడు గానీ లోపల గుబులు మొదలైంది. ఈమధ్య లలితమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. గీతను చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తోంది. దవాఖానకు తీసుకుపొమ్మని గీత పోరుతుంటే, సాంసన్ ఏదో ఒక వంక చెప్పి వాయిదా వేస్తున్నాడు. ప్లేటు తప్పైతే లలితమ్మ బాగున్నట్టే. ప్లేటు ఒప్పైతే? అక్కడికి వచ్చేసరికి ఆయన బుర్ర పనిచేసేది కాదు.

వేరే కంపెనీ అచ్చేసింది తెప్పించమని గీత వెంట పడ్డాడు. అది అద్దంలా ఉంది, చిటపటలు లేవు, కానీ బేసు సచ్చిపోయింది. గొంతు మాత్రం అదే తొందరలో తిరిగొచ్చింది. ఇద్దరూ ఒకే దొంగ సరుకు చూసి కాపీ కొట్టారని తేల్చాడు. మళ్లీ అంతలోనే, ఇద్దరూ ఒకేచోట తప్పు ఎట్లా చేస్తారని తనకు తనే అడ్డం పడ్డాడు. ఏది అసలో, ఏది నకలో తెలియక తిండి కూడా సయించలేదు.

ఒకనాడు లలితమ్మ పక్కింటికి పోయిన సమయం చూసి, వంగిన పాత ప్లేటును రెండు కిటికీ అద్దాల నడుమ పెట్టి ఎండలో ఉంచాడు. వంచింది ఎండే కదా, అదే సరిచేస్తుందని. కొంత సాపైంది. ముల్లు ఎగిరెగిరి పడుతూ ఆ చోటుకు చేరింది. గొంతు మాయమైంది. సాంసన్ లలితమ్మ పాటను, ఆమె మొదట్లో పాడిన లయలోనే, లోలోపల పాడుకున్నాడు. ఆఖరి మాట దగ్గర గొంతు తిరిగొచ్చింది. రావలసిన చోటే.

కొత్త ప్లేట్లు వేసి అట్లాగే పాడుకున్నా గొంతు అక్కడే వచ్చింది. వాటిలో ఏ తప్పూ లేదు. సాంసన్ అక్కడే కూలబడి ఏడ్చాడు.

తర్వాతి ఆదివారం లలితమ్మే అడిగింది. “ప్లేటు బాగైందా?”

“బాగైంది. ఈసారి పాడు, సూడు.”

డ్రమ్ము మొదలవగానే ఆమె ఎత్తుకుంది. సాంసన్ ఆంప్లిఫయర్ ముందు కూచొని, ట్రెబుల్ నాబ్ మీద చెయ్యి పెట్టాడు. గొంతు తిరిగి వచ్చే క్షణానికి దాన్ని కిందికి తిప్పాడు. పాడేవాడు ఎక్కడో బావిలో ఉన్నట్టు అణిగిపోయాడు, బేసు ఒక్కటే మిగిలింది. లలితమ్మ నింపాదిగా ‘తలుపు తియ్యరాదె’ దాకా వచ్చి పాట ముగించింది.

“చూస్తివా? నేను మర్వలే,” అంది మురిసిపోతూ.

“నువ్వెందుకు మరుస్తవు లల్తా!”

ఆయన నాబ్ వదలబోయాడు. అంతలోనే ఆమె అప్పుడే మొదలుపెడుతున్నట్టు గొంతు సవరించుకొని, *మబ్బొచ్చెనమ్మా మానోపాడు మీద* అని అందుకుంది. సాంసన్ చెయ్యి తియ్యలేదు.