మట్టిగుట్ట మీద నా లెక్క

2011 ఫిబ్రవరిలో పక్షుల సర్వేకని మూడోసారి విజయవాడ నుంచి గోదావరిఖని వెళ్లాను. గని మట్టి పోసిన గుట్ట మీద నాటిన చెట్లలో పక్షులు స్థిరపడ్డాయో లేదో తేల్చాలి. మధ్యాహ్నం రెండున్నరకు, గని సైరన్ మోగిన కాసేపటికి, నూట పన్నెండు లెక్కతేలాయి. తృప్తిగా రాసుకున్నాను.

అక్కడ మేకలు కాస్తున్న లక్ష్మి నవ్వింది.

"గవి ఈడియి కావు అవ్వా. బొగ్గు తీసే గుంత పక్క తుమ్మలల్ల ఉంటయి. బ్లాస్టింగ్ సైరన్ కూయంగనే ఈడికి ఉరికొస్తయి. పేలినంక మల్ల పోతయి. వాటిది గూడ డ్యూటీనే. జర కూసో, నువ్వే సూస్తవు."

కూర్చున్నాను. పేలుడుకు కాళ్లకింద నేల అదిరింది. పావుగంటలో పక్షులు గుంపులుగా గుంతవైపు తిరిగి వెళ్లిపోయాయి. మళ్లీ లెక్కపెడితే తొమ్మిదే మిగిలాయి.

అంతకుముందు రెండేళ్లూ అదే వేళకు లెక్కపెట్టి, ఆ గుట్ట అడవి అయిందని నివేదికలో రాసింది నేనే.