సెంట్రిఫ్యూజ్ అనే మాట

డిగ్రీలో మా కెమిస్ట్రీ మేడమ్ సెంట్రిఫ్యూజ్ అనే మాటను బోర్డు మీద రెండు ముక్కలు చేసి చూపించింది. లాటిన్‌లో సెంట్రమ్ అంటే నడిమధ్య, ఫ్యూగెరె అంటే పారిపోవడం. తిరిగే బుట్టలో నడుమ ఏదీ నిలవదు, అంచుకు పారిపోతుంది. పరీక్షలో అదే రాసి వచ్చాను.

పెళ్లయ్యాక బీరంగూడకు వచ్చాను. నా భర్త పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఆ యంత్రమే నడుపుతాడు. తడి మందుపొడి పోసి తిప్పితే ద్రవం బుట్ట చిల్లుల్లోంచి బయటికి పోతుంది, పొడి మిగులుతుంది. బుట్ట పూర్తిగా ఆగేదాకా మూత తెరుచుకోకుండా ఒక స్విచ్చు ఉంటుంది. అందాకా నిలబడితే బ్యాచ్ ఆలస్యం. అందుకని అక్కడ ప్రతివాడి జేబులో ఒక ఇనుప తీగ ముక్క. దానితో స్విచ్చు పనిచేయకుండా బిగించి, మూత తీసి, ఇంకా తిరుగుతున్న బుట్టకు గోనెసంచి అదిమి ఆపుతారు.

పక్క యంత్రం మీది ఒడిశా అతని గోనెసంచి ఒకరోజు బుట్టకు చుట్టుకుంది. దానితోపాటు చెయ్యి లోపలికి పోయి భుజం దగ్గర తెగింది. నా భర్తే అతన్ని మోసుకుని పరుగెత్తాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఇంటికి వచ్చేసరికి యూనిఫాం నెత్తురుతో అట్టకట్టి ఉంది. గోడలకు నాలుగు వైపులా ఒకే ఎత్తులో గీత గీసినట్టు నెత్తురు కొట్టిందని చెప్పి, గిన్నెలు తోమే చోట వాంతి చేసుకున్నాడు.

యూనిఫాం నానబెడుతుంటే జేబులో తీగ తగిలింది. మోరీలో పడేశాను.

యంత్రాలు కడిగి మళ్లీ పని మొదలుపెట్టారు. ఆ చచ్చిపోయినతని యంత్రం మీదికి నా భర్తను వేశారు. పొద్దున జేబు వెతుక్కుని అడిగాడు.

"తీగేది?"

"పారేసిన."

అన్నం కంచం గోడకు విసిరాడు. చంకలో ఉన్న మా పాప నా మెడ పట్టుకుని ఏడ్చింది. ఆగేదాకా నిలబడితే ఇన్‌ఛార్జి అందరి ముందు తిడతాడని, నాకేం తెలుసని అరిచాడు. నేను సెంట్రిఫ్యూజ్ అనే మాటకు అర్థం చెప్పాను.

"నీ డిగ్రీ సదువు ఇంట్లనే పెట్టుకో, పంతులమ్మా."

"గోడ మీద గీత నువ్వే చూసినవ్ గదా. పుస్తకంల గదే రాసున్నది."

టిఫిన్ డబ్బా తీసుకోకుండానే వెళ్లాడు.

తీగ ముక్క అక్కడ ఎవరినడిగినా ఇస్తారు. ఆ రోజంతా కుక్కర్ కూసినా గుండె అదిరింది. సాయంత్రం తలుపు తీసి ముందు చేతులే చూశాను. రెండూ ఉన్నాయి. పాపను ఎత్తుకుని మెల్లగా అన్నాడు.

"ఆగేదాక నిలబడ్డ. అమ్మనక్కలు తిట్టిండు."

"తిట్టనియ్యి," అన్నాను.

ఇప్పటికీ అతను పడుకున్నాక మేకుకు వేలాడే యూనిఫాం జేబు తడిమి చూస్తాను. ఇవాళ కూడా చూశాను. ఖాళీగానే ఉంది.