పాల క్యానులో గులాబీలు

పూలకు కాడలు కూడా ఉంటాయన్న సంగతి నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు పట్టలేదు. మా ఇంటికి మాదన్నపేట మార్కెట్ నుంచి మూర మల్లెలో, పావుకిలో బంతులో, విడి గులాబీలో వస్తాయి. పొద్దున దేవుడి పటాలకు ఎక్కుతాయి. మర్నాటికి పాచిపోయిన అన్నంతో సమానంగా 'బాసి పూలు' అనిపించుకుని బయటికి పోతాయి. ఒక రోజు కంటే ఎక్కువ బతకాలని మా ఇంట్లో ఏ పువ్వూ ఆశ పెట్టుకోదు.

పోయిన ఏడాది ఒక మంగళవారం నాకు పాతికేళ్ల సర్వీసు నిండిందని ఆఫీసులో శాలువా కప్పి, బొకే ఇచ్చారు. పొడుగు కాడల ఎర్ర గులాబీలు, ఇరవై. శాలువా ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. బొకేను మాత్రం రెండు బస్సులు మారి, చంటిపిల్లను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆదివారం మా ఆడబిడ్డ వస్తోంది. నేను ఆఫీసుకు పోయేది ఫ్యాను కింద కూర్చోవడానికేనని ఆమె గట్టి నమ్మకం. ఈ పూలు ఆదివారం దాకా నిలవాలి, ఆమె కంట్లో పడాలి.

ఆమె వచ్చేది నా పూల కోసం కాదు. వాళ్లమ్మను, అంటే మా అత్తమ్మను, ఫలక్‌నుమాలో తన ఇంటికి తీసుకుపోవడానికి. వానాకాలంలో మా ఆఖరి బర్రెను అమ్మేశాం. నలభై ఏళ్లు తెల్లారగట్ల నాలుగింటికి లేచి పాలు పితికిన మనిషి బర్రెలు పోయినా నాలుగింటికే లేస్తుంది, లేచి మమ్మల్నీ లేపుతుంది. గిన్నెలు వాసన చూసి వంక పెడుతుంది. "గీ ఇంట్ల నాకేం పనుంది? బిడ్డ దగ్గరికి వోత," అని రోజుకు రెండుసార్లు, సరిగ్గా పాలు పితికే వేళలకే అంటుంది. మా ఆయన వద్దనలేదు. నేనూ వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఇక ఆరింటిదాకా పడుకోవచ్చని లోపల్లోపల సంబరపడ్డాను.

ఇంట్లో ఫ్లవర్‌వాజ్ లేదు. ఖాళీ అయిన ఆవకాయ సీసా కడిగి అందులో పూలు పెట్టాను. బుధవారం లేచి చూస్తే సీసాలో పన్నెండు గులాబీలు, ఎనిమిది బోడి కాడలు ఉన్నాయి. మిగతా ఎనిమిది పూలూ పటాల మీద ఉన్నాయి.

"అత్తమ్మా, గవి దేవునికి తెచ్చినయి కావు," అన్నాను.

"మరి ఎవలికి? పూలంటే దేవునికి వెడతరు, లేకుంటె నెత్తిల వెట్టుకుంటరు. సీసల వెడతరా ఎవలన్న?"

కాడలు మాత్రం ముట్టకుండా నాకే వదిలింది. పరాయి సొమ్ముకు ఆశపడే మనిషి కాదు.

మిగిలిన పన్నెండింటినైనా కాపాడుకుందామని తలా ఒకరిని సలహా అడిగాను. ఫోన్లో ఎవరో చెంచాడు చక్కెర వేయమన్నారు. ఆఫీసులో పక్క సీటామె తలనొప్పి గోలీ వేయమంది. మా ఆయన, జన్మలో ఒక్క పువ్వు కొనని అనుభవంతో, రాగి పైస వేయమన్నాడు. ఎవరి మాటా తీసేయడం నాకు చేతకాదు కాబట్టి మూడూ వేశాను. గురువారం పొద్దునకు నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడి జిగురు పట్టాయి. గులాబీలు మీటింగులో మా స్టాఫులాగా తలలు వేలాడేశాయి.

అత్తమ్మ సీసా ఎత్తి వాసన చూసింది.

"ఏందే, గింత గబ్బు లేస్తుంది. గిందుల పాలు వోస్తవా?"

"పొయ్యను."

"మరి పూలేం పాపం జేసినయి?"

బర్రెల కొట్టంలోకి పోయి రెండు లీటర్ల పాల క్యాను తెచ్చింది. కొబ్బరి పీచుతో తోమి, మసిలే నీళ్లు పోసి కడిగి, బోర్లించి ఆరబెట్టింది. నీళ్లలో మునిగే ఆకులన్నీ తుంచేసింది. కాడల కొసలు కత్తిపీట మీద ఏటవాలుగా కోసింది. "పచ్చగడ్డి కొసలు గిట్ల కోసి నీల్లల వెడితె పొద్దుమీకె దాంక వాడది. గివి మాత్రం గడ్డి కాదా?" అంది. ఎండ ముదిరే వేళకు, గడ్డి మోపు మీద తడి గోనె కప్పినట్టు, పూల మీద తడి గుడ్డ కప్పింది.

"కొంచెం చక్కెర వేద్దామా అత్తమ్మా?" అన్నాను.

"పాలల్ల నీల్లు గలిపెటోల్ల లెక్క మాట్లాడకు," అంది. నేను చక్కెర డబ్బా మూత పెట్టేశాను.

పొద్దున నాలుగింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి క్యాను కడిగి నీళ్లు మార్చింది. శుక్రవారానికి గులాబీలు తలలెత్తాయి. ఆ పనిలో పడి ఆమె మమ్మల్ని లేపడం మానేసింది. ఈ సంగతి నేను గమనించింది శనివారం, ఆరున్నరకు మెలకువ వచ్చాక.

ఆదివారం ఆడబిడ్డ ఆటో నిలబెట్టి లోపలికి వచ్చింది.

"ఏంది, పాల క్యాన్ల పూలు వెట్టిండ్రు?" అంది.

నేను పాతికేళ్ల సర్వీసు గురించి ఎత్తుకోబోయాను. అప్పటికే ఆమె వాళ్లమ్మ వైపు తిరిగింది. "అమ్మా, సంచేది? ఆటో ఉంది బయట."

"ఎట్ల వస్తనే?" అంది అత్తమ్మ. "నాలుగింటికి నీల్లు మార్వాలె. గీమెకు ఇడిస్తె చక్కెర ఏస్తది, గోలీలు ఏస్తది, సంపుతది."

"పూల కోసం ఉంటవా?"

"బర్రెల కోసం ఉండలేదా? గివి ఎండినంక వస్త, నువ్వు పో."

ఆడబిడ్డ చాయ్ తాగి అదే ఆటోలో వెళ్లిపోయింది. నా సర్వీసు సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలియలేదని నేను బాధపడాలి, కానీ నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

గురువారం అర్థమైంది. ఆ రోజుకు పది పూలు రాలిపోయి, క్యానులో రెండే మిగిలాయి. అత్తమ్మ వాటికి కూడా నీళ్లు మార్చింది. నేను ఆఫీసుకు బయల్దేరుతూ ఆమె గదిలోకి తొంగిచూశాను. సంచి మేకుకు ఖాళీగానే వేలాడుతోంది. ఊపిరి పీల్చుకున్నాను. ఆరింటిదాకా పడుకోవచ్చని అప్పుడు నేను సంబరపడింది ఆమె లేని ఇంటి గురించేనని తెలిసి భయం వేసింది. సాయంత్రం ఒక స్టాపు ముందే దిగి, కాడలున్న గులాబీలు పన్నెండు కొన్నాను.

"మల్ల ఎవలిచ్చిండ్రు?" అంది అత్తమ్మ.

"ఆఫీసుల," అన్నాను.

ఎనిమిది నెలలైంది. ఆఫీసులో నాకు వారం వారం సన్మానం జరుగుతోంది. అత్తమ్మ నిజంగా నమ్ముతోందో, నమ్మినట్టు ఉంటోందో నేను అడగలేదు. "మస్తు కష్టపడుతున్నవ్ పో," అంటూ క్యాను అందుకుంటుంది.

పాతవి పూర్తిగా ఎండకముందే కొత్తవి తెస్తాను. ఎండినంక వస్తానని ఆమె బిడ్డకు మాటిచ్చి ఉంది.