ఆసుపత్రిలో అయ్యకు నేనే మాట

మా చిన్నప్పుడు అయ్యతో కలిసి సంతకు కొండ దిగడమంటే నాకు భలే సంబరం... ముందు ఆయన భుజాన కావిడి ఊగుతూ ఉంటే వెనక నేను గంతులేసుకుంటూ వెళ్ళేదాన్ని. అరకు కొండల్లో మాదొక చిన్న ఊరు. మా వైపు ఆడవాళ్ళు తల మీద మోస్తారు, మగవాళ్ళు కావిడితో మోస్తారు. కావిడి దించేసిన మగవాడిని ఊరంతా ఆటపట్టించేది. మా అయ్యనైతే ఎవరూ ఒక్క మాట అనలేకపోయేవారు... అంత మోసేవాడు మరి!

మా ఇంట్లో ఒరియా కలిసిన మా మాటే... మీకు అర్థం కావాలని ఇక్కడ దాన్ని తెలుగులోకి దింపి రాస్తున్నాను. అయ్యకు సంతలో బేరమాడేంత తెలుగు మాత్రం వచ్చు. పసుపు, పిప్పళ్ళు, చింతపండు... వీటి గురించైతే ఎంతటి షావుకారుతోనైనా గొడవ పెట్టుకోగలడు. నేను ఆశ్రమ పాఠశాలలో చదివేదాన్ని కాబట్టి మిగతా తెలుగంతా నా వంతు. బస్సు దగ్గర, రేషన్ దగ్గర, ఆసుపత్రిలో ఆయన తరఫున నేనే మాట్లాడాలి. అబ్బో, నాకెంత గొప్పగా ఉండేదో...

ఒకసారి సెలవులకు ఇంటికొచ్చేసరికి అయ్య నడక మారిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగేవాడు, పళ్ళు బిగపట్టేవాడు. లుంగీ లోపల పాత తువ్వాలు ఒకటి గట్టిగా బిగించి కట్టుకునేవాడు. ఏమైందని అమ్మ అడిగితే "ఏటీ నేదు" అని కసిరేసేవాడు.

అప్పుడప్పుడు నర్సమ్మ సంచీ తగిలించుకొని మా ఊరు ఎక్కి వచ్చేది, పాపం. "కడుపుతో ఎవరైనా ఉన్నారా? పసిపిల్లలున్నారా?" అని ఇల్లిల్లూ అడిగేది. మగవాళ్ళ సంగతి అడగగా నేను వినలేదు. ఆవిడ గొంతు వినపడితే చాలు, అయ్య పెరట్లోంచి తోటలోకి జారుకునేవాడు.

చివరికి ఒక సంత రోజు అమ్మ పట్టుబట్టి, నన్ను తోడిచ్చి, ఆయన్ని ఆసుపత్రికి పంపింది.

చాంతాడంత వరస. డాక్టరు కుర్రవాడు, మంచివాడే... "ఏం నొప్పమ్మా మీ నాన్నకి?" అని నన్నే అడిగాడు. నేను అయ్యను అడిగాను. అయ్య గోడ మీద అతికించిన తల్లీబిడ్డల బొమ్మను చూస్తూ "కడుపు" అన్నాడు.

"కడుపు నొప్పి సార్."

"ఎక్కడో చూపించమను."

అయ్య బొడ్డు మీద చెయ్యి పెట్టాడు.

"ఆ బల్ల మీద పడుకొని లుంగీ కాస్త వదులు చెయ్యమను."

నేను చెప్పకముందే అయ్యకు అర్థమైపోయింది. ఒక పక్క నర్సమ్మ, ఎదురుగా నేను, గుమ్మం నిండా జనం... ఆ చిన్న గదిలో ఆయన ఎటు చూడాలో తెలియక నిలబడిపోయాడు. అంత కావిడి మోసే మనిషి అంత చిన్నగా అయిపోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. "తగ్గిపోనాదని సెప్పు గుంటా... బేగి సెప్పు" అన్నాడు మా మాటలో.

"తగ్గిపోయిందంట సార్" అన్నాను.

డాక్టరు నవ్వి, కడుపు నొప్పి మాత్రలు ఇప్పించాడు. ఆ మాత్రల్ని అయ్య ఒక్కటి కూడా వదలకుండా బుద్ధిగా మింగాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు... ఎవరి మీదో కూడా తెలియదు.

కాఫీ పండ్లు కోసే రోజుల్లో, కావిడి ఎత్తబోయి తోటలోనే కూలబడ్డాడు. ఒకటే వాంతులు. కర్రకు దుప్పటి కట్టి, డోలీలో వేసుకొని మగవాళ్ళు కొండ దిగుతుంటే వెనకాలే అమ్మా నేనూ పరుగు. ముందు కర్ర పట్టుకున్నది మా మావ, అమ్మ తమ్ముడు.

"బేగి నడవండ్రా... ఆ గడ్డ లోనికి పోనేదు" అన్నాడు మావ.

"ఏ గడ్డ మావా?" అన్నాను. మగవాళ్ళు నడక ఇంకా పెంచారు.

గజ్జల్లో గడ్డ దిగిందట. బరువెత్తినప్పుడల్లా పెరిగేదట. వాగులో కలిసి స్నానాలు చేసే మగవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు... తెలియనిది అమ్మకూ, ఆసుపత్రిలో చెప్పాల్సిన నాకూ!

ఆసుపత్రి చేరాక మావ తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో డాక్టరు చెవిలో చెప్పాడు. పేగు అందులో ఇరుక్కుపోయింది, కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి అన్నారు. జీపు ఘాట్ రోడ్డు దిగుతుండగానే అయ్య పోయాడు.

దినాలయ్యాక మావ చొక్కా పట్టుకొని గుంజాను. "నువ్వైనా ముందే ఎందుకు సెప్పలేదు?" అని అరిచాను.

మావ కళ్ళు తుడుచుకొని, "ఒట్టేయించుకున్నాడే గుంటా... ఆ మాట నా కూతురి నోటంట ఎలాగ అనిపిస్తానురా అన్నాడు" అన్నాడు.

అయ్యా... ఎన్నిసార్లయినా అనేదాన్ని కదా!

ఇప్పుడు మా ఊరి కింద దాకా తారు రోడ్డు వచ్చింది. ఫోను చేస్తే బండి వస్తుంది. ఆసుపత్రిలో మా మాట తెలిసిన అబ్బాయి కూడా ఉన్నాడు. నేను కింద ఊళ్ళో బడిపంతులమ్మని. అప్పుడు పసివాడైన తమ్ముడు ఇప్పుడు ఆ తోటల్లోనే కావిడి మోస్తున్నాడు. ఫోనులో "ఒంట్లో బాగుందా?" అని అడిగితే, "నాకేటైనాది అక్కా, గుండ్రాయిలాగున్నాను" అని నవ్వుతాడు. ఆ నవ్వు వింటే నాకు భయం... ఇంకేం అడగాలో తెలియదు, ఫోను పెట్టెయ్యలేను.

ఆ జబ్బును తెలుగులో ఏమంటారో, ఇంగ్లీషులో ఏమంటారో అన్నీ నేర్చుకున్నాను. మా మాటలో ఏమంటారో మాత్రం ఈరోజుకీ తెలియదు... ఆడపిల్లల ముందు ఎవరూ అనలేదు.

మీ నాన్నలు మీకు చెప్పేవారా, ఎక్కడ నొప్పో? చెప్పిన నాన్నలుంటే ఇక్కడ రాయండి... అలాంటి ఇల్లు ఎలా ఉంటుందో వినాలని ఉంది.