నెయిల్ పాలిష్ చుక్క

మాది జగ్గయ్యపేట. కేకు పిండి కలిపే మా పాత మిషన్ మామయ్యగారు పోయాక మూలన పడింది. గతేడాది క్రిస్మస్ ముందు స్విచ్ వేస్తే కమురు వాసన వచ్చింది. నందిగామలో మెకానిక్ ఉన్నాడన్నారు. అసలే నాకు అనుమానం ఎక్కువ. పాత రాగి మోటార్లు మార్చేస్తారని విన్నాను కూడా. అందుకే ఇంట్లోనే అడుగు మూత విప్పి, మోటారు మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి మరీ ఇచ్చాను.

నాలుగు రోజులకి వెళ్లి మూత తీయించాను. మోటారు తళతళలాడుతోంది. చుక్క లేదు!

"నేను పెట్టిన చుక్కేదండీ? మోటారు మార్చేశారు కదూ!" అని అరిచాను. షాపులో అందరూ తిరిగి చూశారు.

మెకానిక్ మాత్రం గొంతు పెంచలేదు. "జిడ్డు పోవాలని థిన్నర్‌తో కడిగానమ్మా, చుక్క కూడా పోయుంటది. ఇటు చూడండి," అని టార్చి వేశాడు. మోటారు పక్కన, ఇన్నాళ్లూ జిడ్డు కింద కనపడని, మేకుతో గీసిన గీతలు వరసగా ఉన్నాయి. అనుమానం తీరక అక్కడే స్పీకర్ పెట్టి అత్తయ్యకి ఫోన్ చేసి, ఆ గీతల సంగతి అడిగాను.

"ఏటా క్రిస్మస్ ముందు మీ మామయ్యే గ్రీజు మార్చి, గుర్తుకో గీత గీసేవారు. నీకు తెలీదా?" అంది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మెకానిక్ ఒక మేకు నా చేతికిచ్చాడు. "ఈ ఏడాది గీత మీరు గీయండమ్మా."

మేకు జారి గీత వంకర పోయింది. నా అనుమానం బుద్ధి పోయిందని అబద్ధం చెప్పను. కానీ ఎవరినైనా మాట అనబోతే, ముందు ఆ వంకర గీతే కళ్లముందుకొస్తుంది.